సైకిలుకు సంచి, సంచికి పట్టు

ప్రసంగ పాఠం



షోలాపురంలో సైకిలు ఎక్కినవాడు ఒంటరిగా పోవడం అరుదు. అతని వెంట ఏదో ఒక బరువు పోతూనే ఉంటుంది. తెల్లవారి తూర్పు భాగపు పేఠలలో ఏ కూడలిలో నిలబడినా ఈ దృశ్యం కనిపిస్తుంది: క్యారియరు మీద నూలు బస్తా, ఫ్రేము మధ్య ఇరికించిన చద్దర్ల కట్ట, హ్యాండిలుకు వేలాడే భోజనపు సంచి. కారఖానాకు పోయే కార్మికుడు, ఊరూరా తువ్వాళ్లు అమ్మే చిరువర్తకుడు, తల్లి చుట్టిన బీడీలను శాఖలో అప్పగించబోయే కుమారుడు, బడికి పోయే బాలిక, అందరి సైకిళ్లలోను ఒక పోలిక ఉన్నది. సైకిలును ఎంచి కొన్నారు. సంచిని మాత్రం ఇంటిలో ఏది దొరికితే అది తగిలించారు.

నేటి ప్రసంగ విషయం ఆ సంచి. చినిగిన సంచిని బాగుచేయడం, పనికి తగినట్టు మార్చడం, సైకిలుకు కదలకుండా అమర్చడం. అదంతా ఇంటిలోను వీధి చివరి దుకాణంలోను దొరికే వస్తువులతో చేయడం. దూరప్రయాణికుల కోసం తయారైన సైకిలు సంచులు పెద్ద దుకాణాలలో దొరుకుతాయి. అవి మంచివే. కాని వాటిని సన్నని కడ్డీల క్యారియరు గల కొత్తరకపు సైకిళ్లను ఉద్దేశించి చేశారు. నల్లరంగు, లావుపాటి ఇనుప క్యారియరు, రెండు కాళ్ల స్టాండు, కడ్డీ బ్రేకులు గల ఇక్కడి పాత సైకిలుకు వాటి కొక్కేలు చాలాసార్లు పట్టవు. వాటి ధర సంగతి సభికులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. హ్యాండిలుకు తగిలించిన సంచి ఊగి ముందు చక్రపు పుల్లల మధ్యకు పోతే చక్రం ఒక్కసారిగా ఆగుతుంది. పైనున్న మనిషి ఆగడు. హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు, పడుతూ చేతులు చాస్తాడు. మణికట్టు, మోచేయి, మెడ పక్క ఎముక, ఇటువంటి పాటులో విరిగేవి ఎక్కువగా అవే. మరమగ్గం మీద పనిచేసేవానికి కూలి నేసిన గుడ్డను బట్టి వస్తుంది. చేయి కట్టులో ఉన్నన్నాళ్లు మగ్గం మరొకరి వశమవుతుంది, ఇంటి ఖర్చు అప్పు వశమవుతుంది. అక్కల్‌కోట రోడ్డు మీద వెనుక నుంచి లారీ వస్తుండగా పడితే సంగతి ఎముకతో ఆగదు. ఒక చేతిసంచి, దాని పొడవాటి చెవులు, ఇంతటి పనికి చాలును.

తెలంగాణ ప్రాంతం నుంచి తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరపు చద్దరుకు, తువ్వాలుకు పేరు తెచ్చినవి. గుడ్డ స్వభావం వారికి ఒకరు నేర్పవలసినది కాదు. విచిత్రమేమంటే, మగ్గం దగ్గర పడుగు ఏది, పేక ఏది అని కంటితోనే చెప్పగల మనిషి, ఇంటికి వచ్చి సంచికి మాసిక వేసేటప్పుడు మాత్రం ఆ సంగతి మరచిపోతాడు. చేతికి దొరికిన ముక్కను ఏ వాలుకు ఉంటే ఆ వాలుకు కుట్టివేస్తాడు. నెల తిరగకముందే మాసిక ఒక మూల ముడుచుకొని, మరొక మూల కుట్టు తెంచుకొని వేలాడుతుంది. దారం మంచిది కాదని నింద. నిజానికి తప్పు దారానిది కాదు. గుడ్డ పడుగు దిశలో తక్కువ సాగుతుంది, పేక దిశలో కొంచెం ఎక్కువ సాగుతుంది, ఐమూలగా లాగితే అన్నిటికన్న ఎక్కువ సాగుతుంది. సంచి గుడ్డ నిలువుగా బరువు మోస్తూ ఉండగా దాని మీది మాసిక ఐమూలగా ఉంటే, ఒకటి సాగుతుంది, మరొకటి సాగదు. ఆ తగవు అంతా మధ్యనున్న కుట్టు మీద పడుతుంది. పడుగు మీద పడుగు వచ్చేటట్టు ముక్కను అమర్చవలె. సంచి చెవులకు, పట్టీలకు ముక్కలు కత్తిరించేటప్పుడు పొడవు ఎల్లప్పుడు పడుగు దిశలో ఉండవలె. ఏది పడుగో తెలియని పాత గుడ్డను రెండు చేతుల మధ్య అటు ఇటు లాగి చూస్తే చాలు, గుడ్డే చెబుతుంది.

మాసిక కొలత విషయంలో పొదుపు పనికిరాదు. చినుగు చుట్టూ గట్టి గుడ్డ వచ్చేవరకు, అంటే కనీసం రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా, ముక్క ఉండవలె. మూలలు గుండ్రంగా కత్తిరించవలె. కొనదేరిన మూల ముందు లేస్తుంది. లోపలి వైపు నుంచి ఒక ముక్క, బరువు ఎక్కువైతే వెలుపల మరొకటి, రెండు వరుసల కుట్టు. కుట్టు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే మందపాటి గుడ్డకు సరిపోతుంది. గట్టిదనం కోసమని మరీ దగ్గర దగ్గరగా కుట్టేవారున్నారు. సూది రంధ్రాలు దగ్గరైనకొద్దీ గుడ్డ తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంట చిరుగుతుంది. రెక్సిను, ఫ్లెక్సీ వంటి పూత గుడ్డలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ, అందులో పడిన రంధ్రం తిరిగి పూడదు. ఈ రెండింటిలో చినుగు పాకకుండా దాని కొనలో చిన్న గుండ్రని రంధ్రం చేసే పద్ధతి చెప్పులు కుట్టేవారికి తెలుసు. చినుగు ఆ గుండ్రం దగ్గర ఆగుతుంది, తరువాత నిదానంగా మాసిక వేయవచ్చు.

దారం సంగతి. షోలాపురంలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. కనుక సంచికి ఇక్కడ మొదటి శత్రువు సూర్యుడు. నూలు దారం తడిసి ఆరి తడిసి ఆరి కుళ్లుతుంది. నైలాను దారం బలమైనదే కాని ఎండకు బిరుసెక్కి తెగుతుంది. పాలియెస్టరు దారం ఆ రెండింటి కన్న ఎండకు ఎక్కువ కాలం తాళుతుంది. మందపాటి కాన్వాసుకు దబ్బనం, రెక్సినుకు, తోలుకు ఆరె. దారానికి కొవ్వొత్తి మైనం రాసి కుడితే జారుతూ పోతుంది, ముడి నిలుస్తుంది.

ఇక గుడ్డ రకాలు. యూరియా బస్తా తేలిక, తడవదు, ఉచితం; అందువల్ల దాని మీద అందరికీ ప్రేమ. కాని ఆ ప్లాస్టిక్కు ఏ జిగురు పట్టదు, కుట్టే శరణ్యం. అంచు రెండుసార్లు మడవకపోతే పోగులు ఊడివస్తాయి. ఎండలో వదిలితే కొంతకాలానికి చేతిలో పొడి పొడిగా రాలుతుంది. పలుమార్లు కడిగినా అందులో తినుబండారాలు నేరుగా పోయకూడదు. పురుగుమందు వచ్చిన బస్తాను అసలు దేనికీ వాడకూడదు. కాన్వాసు అన్నిటికన్న మర్యాదగల గుడ్డ. కుట్టుకు, మాసికకు, రబ్బరు ద్రావణానికి, మైనానికి అన్నిటికీ ఒదుగుతుంది. దాని మీద కొవ్వొత్తి రుద్ది, పైన కాగితం వేసి ఇస్త్రీ చేస్తే నీరు జారుతుంది. తువ్వాళ్లు అమ్మేవారు మాత్రం ఈ పని చేయకపోవడమే మేలు. మైనం మరక అంటిన తెల్ల తువ్వాలును ఎవరూ కొనరు. వారికి లోపల ఒక ప్లాస్టిక్ సంచి చాలు. ఫ్లెక్సీ గుడ్డకు నగరంలో కొరత లేదు. పుట్టినరోజులు, ఎన్నికలు, స్వాగతాలు ఏడాది పొడుగునా ఉంటాయి. గడువు తీరి దించిన ఫ్లెక్సీని యజమానిని అడిగి తెచ్చుకోవచ్చు. బొమ్మ ఉన్న వైపు లోపలికి పెట్టి కుడితే నాయకునికీ గౌరవం, సంచికీ గౌరవం. పైపులు అతికించే ద్రావణం దీనికి పట్టుతుంది, అయితే ఎండిన చోట గట్టిపడుతుంది. మడత వచ్చే చోట వాడితే చిట్లుతుంది.

సంచిలో మొదట తెగేది ఎప్పుడూ చెవి కుట్టిన చోటు. చెవిని సంచి గుడ్డకే కుట్టి వదిలితే మొత్తం బరువు అరచేతి వెడల్పు లేని చోట పడుతుంది. పట్టీని సంచి అడుగు కింది నుంచి తిప్పి, రెండు వైపులా పైకి తెచ్చి, దారి పొడుగునా కుట్టవలె. అప్పుడు బరువును పట్టీ మోస్తుంది, గుడ్డ సరుకును పట్టి ఉంచుతుంది. పట్టీ చివర చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు కుట్టవలె. నైలాను పట్టీ కొనను అగ్గిపుల్లతో కొంచెం కాల్చితే పోగులు విడవవు. పట్టీలకు ఈ నగరంలో ఒక ప్రత్యేకమైన గని ఉన్నది. మరమగ్గం మీద షటిలును కొట్టే కర్రకు ఉండే పికింగ్ పట్టా కొంత అరిగితే మగ్గానికి పనికిరాదు, తీసి మూల పడవేస్తారు. వేలసార్లు దెబ్బ తట్టుకొన్న ఆ పట్టాకు సైకిలు సంచి మోయడం విశ్రాంతి వంటిది. అరిగిన కొనలు కత్తిరించి, నడిమి భాగం వాడవచ్చు.

జిప్పు పాడైతే సంచినే పారవేసేవారు ఎక్కువ. పళ్లు బాగుండి జారుడు మాత్రం పట్టకపోతే, ఆ జారుడు వెనుక భాగాన్ని రెండు వైపులా పట్టకారుతో కొద్దికొద్దిగా నొక్కితే చాలాసార్లు మరల పట్టుతుంది. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే విరుగుతుంది. పళ్లే పోయినట్లయితే జిప్పు మీద ఆశ విడిచి, సంచి నోటిని మరొక జానెడు పొడిగించి, మూడుసార్లు చుట్టి బిగించే పద్ధతికి మార్చవలె. చుట్టిన నోరు జిప్పు కన్న బాగా వాన ఆపుతుంది. చుట్టి కట్టిన బీడీలను తీసుకుపోయే ఇండ్లకు ఇది ముఖ్యమైన విషయం. దినమంతా వంగి కూర్చుని చుట్టిన పని, దారిలో ఒక్క జల్లుకు చెమ్మగిలితే, శాఖలో తిరస్కరణకు గురవుతుంది. తిరస్కరించిన బీడీకి ఆకు పోయింది, పొగాకు పోయింది, కూలి కూడా పోయింది. కుంభారి దగ్గరి ఘరకుల్ నుంచి వచ్చే దారిలో జల్లు పట్టుకొంటే తలదాచుకొనే చోటు ప్రతిచోటా దొరకదు.

ఇప్పుడు అమర్చడం. ఎద్దుల మీద ధాన్యం మోసిన కాలంలో తెలుగులో పెరిక అనే మాట ఉండేది: ఎద్దు వీపున వేసి ఇరుపక్కలకు వేలాడదీసే జంట సంచి. సైకిలుకు కావలసినది సరిగా అదే. క్యారియరు మీద ఎత్తుగా పేర్చిన మూట సైకిలును పై నుంచి ఊపుతుంది. మలుపులో సైకిలు ఒకవైపు వాలితే మూట దానిని ఇంకా వాలుస్తుంది. అదే బరువు రెండుగా విడిపోయి, వెనుక చక్రానికి ఇరుపక్కల, ఇరుసుకు దగ్గరగా కిందికి దిగితే సైకిలు నిలకడగా పోతుంది. రెండు పక్కల బరువు దాదాపు సమానంగా ఉండవలె. ముంబయి డబ్బావాలాలు హ్యాండిలుకు కూడా తగిలిస్తారు కదా అని ఎవరైనా అడగవచ్చు. వారు రెండువైపులా సరితూచి తగిలిస్తారు, దానికి తోడు ఏళ్ల అభ్యాసం ఉన్నది. అనుకరించదగినది ఆ సరితూకం, హ్యాండిలు కాదు. కడ్డీ బ్రేకుల సైకిలుకు హ్యాండిలు మీది సంచి మరొక కీడు చేస్తుంది: సంచి చెవులు బ్రేకు కడ్డీలలో చిక్కుకొని, పట్టవలసిన వేళ బ్రేకు పట్టదు.

పెరిక కుట్టడం కష్టం కాదు. రెండు సంచులు, ఒక్కొక్కటి సుమారు ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పైయైదు ఎత్తు, పన్నెండు పదిహేను లోతు. రెండింటిని కలుపుతూ క్యారియరు వెడల్పుకు సరిపోయే గట్టి గుడ్డ. ఇంతవరకు చాలామంది చేస్తారు. వదిలివేసేది దీని తరువాతి భాగం, అదే ప్రాణం కాపాడే భాగం: చక్రం వైపున్న గోడలో ఒక పలక పెట్టవలె. పలక లేని సంచి నిండినకొద్దీ ఉబ్బి, ఉబ్బినకొద్దీ చక్రం లోపలికి ఒరుగుతుంది. సన్నని ప్లైవుడ్డు, రేకు, పాత ప్లాస్టిక్ డ్రమ్ము నుంచి కోసిన ముక్క, ఏదైనా పనికివస్తుంది. రేకు అయితే అంచులు మడిచి, ట్యూబు రబ్బరుతో కప్పవలె, లేకపోతే సంచిని లోపలి నుంచి అదే కోస్తుంది. ఈ పలకకు మరొక ఉపయోగం కూడా ఉన్నది. వెనుక కూర్చున్న పిల్లల పాదం, చీర కొంగు, చున్నీ పుల్లల మధ్యకు పోకుండా అది అడ్డు నిలుస్తుంది. క్యారియరు మీద పక్కకు కూర్చున్న పిల్లవాని మడమ చక్రంలో పడడం ఎటువంటి గాయమో ఆసుపత్రి వరకు వెళ్లినవారికి తెలుసు.

పెరికను పైన వేసి వదిలితే గుంటలో అది ఎగురుతుంది, మలుపులో ఊగుతుంది. క్యారియరు కాళ్లు కిందికి దిగి ఇరుసు దగ్గర బిగించి ఉంటాయి. సంచి అడుగున ఒక ఉంగరం కుట్టి, దాని నుంచి ట్యూబు రబ్బరు పట్టీతో ఆ కాలికి లాగి కట్టవలె. కింది నుంచి లాగి ఉన్న సంచి ఎగరలేదు. క్యారియరు కడ్డీలకు కూడా పాత ట్యూబు చుట్టితే సంచి జారదు, గుడ్డ అరగదు.

జంట కాక ఒకే సంచి కావాలనుకొనేవారు, తీసి చేతబట్టుకొని పోవలసినవారు, కొక్కేలు పెట్టవలె. ఇనుప పట్టీని వంచి చేసిన రెండు కొక్కేలు చాలును, అవి పలక పై అంచున ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండవలె. మరను గుడ్డకు మాత్రమే వేస్తే మొదటి గుంటకే గుడ్డ చిరుగుతుంది. మర పలక గుండా పోయి, లోపలి వైపు పెద్ద వాషరు మీద నట్టు కూర్చోవలె. వాషరుకు బదులు చిల్లు పెట్టిన రూపాయి బిళ్ల వాడే అలవాటు కొందరికి ఉన్నది. నాణేన్ని పాడుచేయడం చట్టరీత్యా నేరం. కొక్కెం లోపలి వైపు రబ్బరు అతికిస్తే క్యారియరు రంగు పోదు, చప్పుడు రాదు. నట్టు అదురుకు వదులు కాకుండా స్ప్రింగు వాషరు, లేదా ఒక నట్టు మీద మరొక నట్టు. ప్లాస్టిక్ నీటి గొట్టాన్ని వేడిచేసి కొక్కెంగా వంచే పద్ధతి కూడా ఉన్నది. చిన్న బరువుకు పరవాలేదు, కాని మంట మీద మాడిస్తే వచ్చే పొగ విషం. వేడి ఇసుకలో మెత్తబరచి ఆరుబయట చేయవలె.

ట్యూబు రబ్బరు గురించి రెండు మాటలు, ఎందుకంటే ఈ విద్య అంతటికీ అదే ఆధారం. పంక్చరు దుకాణంలో పారవేసిన ట్యూబును అడ్డంగా కోస్తే ఉంగరాలు, నిలువుగా కోస్తే పట్టీలు, చుట్టూ తిప్పుతూ కోస్తే ఎంత పొడవైన తాడైనా వస్తుంది. లాగి చూసినప్పుడు పైన సన్నని పగుళ్లు కనిపిస్తే దానిని వాడకూడదు. బజారులో దొరికే ఇనుప కొక్కేల సాగుతాళ్ల కన్న ఇదే మేలు. ఆ తాడు లాగి తగిలించేటప్పుడు చేయి జారితే కొక్కెం నేరుగా ముఖానికి వస్తుంది, కళ్లు పోయినవారున్నారు. ట్యూబు పట్టీ జారితే వేలికి చురుక్కుమంటుంది, అంతే. దేనితో కట్టినా, మిగిలిన కొనను వేలాడనీయకూడదు. తిప్పి లోపలికి దోపవలె.

సంచి అమర్చిన తరువాత మూడు పరీక్షలు. సీటు మీద కూర్చుని పెడలును వెనుకకు తిప్పి చూడవలె: మడమకు, సంచికి మధ్య నాలుగు వేళ్ల సందు లేకపోతే సంచిని వెనుకకు జరపవలె. తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకు మడమ తగిలే సంచి, మంచిదైనా వాడుకలో నిలవదు. సైకిలును పక్కకు వంచి ఊపి చూడవలె. సంచి సైకిలుతో కదలాలి, దాని తరువాత కదలకూడదు. మూడవది చీకటి పడ్డాక చేయవలసినది. మడ్గార్డు మీది ఎర్ర బిళ్లను సంచి కప్పివేస్తుంది. వెనుక నుంచి ఎవరైనా టార్చి వేసి చూస్తే సంగతి బయటపడుతుంది. సంచి వెనుక గోడకు ఎర్ర మెరుపు పట్టీ కుట్టవలె, అతికిస్తే ఎండకు ఊడుతుంది. రాత్రి పాళీ ముగించి ఇంటికి పోయే మనిషిని లారీ నడిపేవాడు చూసేది ఆ పట్టీ వల్లనే.

బరువు వేసిన సైకిలుకు బ్రేకు ఆలస్యంగా పట్టుతుంది. కొత్త సంచితో మొదటి రోజు ఖాళీ వీధిలో రెండుసార్లు తొక్కి, ఆపి చూసి, ఆపైన పెద్ద రోడ్డుకు పోవడం ఉత్తమం. నింపేటప్పుడు, దించేటప్పుడు రెండు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, ఇరువైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి చేయవలె. ఒకవైపు పూర్తిగా ఖాళీ చేస్తే సైకిలు రెండవవైపుకు పడుతుంది. వారం తొక్కిన తరువాత నట్లన్నీ ఒకసారి బిగించవలె.

కోసిన ట్యూబు పట్టీలు, ఒక పికింగ్ పట్టా, దబ్బనం, ఆరె, పలక పెట్టిన ఒక యూరియా బస్తా పెరిక బల్ల మీద ఉన్నవి. ముందుకు వచ్చి చేతితో లాగి చూడవచ్చు.